సురేందర్ మాఫీ

గంటసేపు బస్సులో కూర్చుంటే చేరే చోట ఉన్న మనిషి కబురు రాజేశానికి ఊరు చుట్టి వచ్చింది.

“సురేందర్ క్యాన్సిల్ మీద అస్తుండట గద,” అంది ఫోన్‌లో సుమలత. “వాని పెండ్లాం శోభ చెప్పింది. శుక్రారం నాడు దుబాయ్‌ల విమానమెక్కుతడట. ఇగ మళ్ళ పోడట.”

“అవునట,” అన్నాడు రాజేశం, ముందే తెలిసినవాడిలా.

దుబాయ్ కాదు, ఖతర్ అని భార్యను దిద్దడం అతడు ఎప్పుడో మానేశాడు. పెళ్ళయిన కొత్తలో చెప్పేవాడు, ఆ దేశం వేరు, ఈ దేశం వేరు అని. ఆమె అంతా విని, “ఏదైతేంది, నువ్వైతె ఈడ లేవు గద,” అనేది.

“అవునట అంటవేంది? నిన్ను కలవకుంటనే పోతుండా వాడు?”

“కలుస్తడు.”

“ఆ బాలాట కాడి పంచాది ఇంకా తెగలేదా మీకు?”

“డ్యూటీ బస్సు అచ్చింది. పెడుతున్న.”

బస్సేమీ రాలేదు. ఆ వేళకు డ్యూటీ బస్సు ఉండదని సుమలతకూ తెలుసు. అయినా ఆమె, “సరే, మంచిగ తిను,” అని పెట్టేసింది.

అల్ ఖోర్ దాటాక గ్యాసు ప్లాంటుల్లో మరమ్మతులు చేసే ఒక కంపెనీలో రాజేశం స్కఫోల్డింగ్ కడతాడు. రంగు వేసేవాడు, వెల్డింగ్ చేసేవాడు ఎత్తున నిలబడటానికి ఇనుప గొట్టాలతో మంచె కట్టి ఇవ్వడం, వాళ్ళ పని అయిపోగానే దాన్ని విప్పి లారీకెత్తడం. ఇన్నేళ్ళలో ఎన్ని మంచెలు కట్టాడో, అందులో ఒక్కటి కూడా ఇప్పుడు నిలబడి లేదు. సాయంత్రాలు మాత్రం అతడు కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. అందుకని క్యాంపులో అందరికీ అతడు కోచే. మెస్‌లో రొట్టెలు వడ్డించేవాడూ అలాగే పిలుస్తాడు, ఫోర్‌మన్నూ అలాగే పిలుస్తాడు. రాజేశం అన్న పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది. సుమలత మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కాబట్టి, ఆ పేరు పలికే నోరు ఇప్పుడు ఎక్కడా లేదు.

ఒకప్పుడు ఆ క్యాంపులో రెండు గదుల నిండా తెలుగువాళ్ళే. పని తగ్గి కొందరు ఇళ్ళకు పోయారు, కొందరు వేరే సైట్లకు పోయారు. చివరగా మిగిలిన బుచ్చన్న కూడా నిరుడు వెళ్ళిపోయాడు. ఇప్పుడు గదిలో ఇద్దరు నేపాలీలు, ఒక బంగ్లాదేశీ. మంచివాళ్ళే. వాళ్ళతో హిందీ. గ్రౌండులో అయితే హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు కలిపి పిసికిన ముద్ద. కోపం వస్తే మాత్రం తెలుగే వస్తుంది. “నీ అవ్వ” అంటే బాగా ఆడావని మెచ్చుకోవడం అని కెన్యావాడు జోసెఫ్ చాలాకాలం అనుకున్నాడు. ఎవరూ వాడికి చెప్పలేదు. వాడు ఆ మాట విన్నప్పుడల్లా ఇంకా గట్టిగా పరుగెత్తేవాడు మరి.

రాజేశం ఆడే రోజుల్లో నడుమ ఆడేవాడు. మిడ్‌ఫీల్డర్ అనే మాట తర్వాత తెలిసింది. గోదావరి పక్కన హాస్టల్ బడిలో డ్రిల్లు మాస్టారు మారుతి సారు మొట్టమొదట నేర్పింది బంతిని తన్నడం కాదు, మెడ తిప్పడం. “బంతి నీ కాడికి రాకముందే భుజం మీదికెల్లి ఒక్కపారి ఎనుకకు చూడు. ఎవడు ఏడున్నడో మనసుల పెట్టుకో. బంతి అచ్చినంక చూసేటోడు బేకార్‌గాడు,” అనేవాడు. ఆ మెడ తిప్పుడుతోనే రాజేశం జిల్లా జట్టులోకి వెళ్ళాడు, హైదరాబాద్ క్యాంపుకు వెళ్ళాడు. గోలు వేసినవాడి బొమ్మ పేపర్లో వస్తుంది, బంతి అందించినవాడి మోచెయ్యి వస్తుంది. రాజేశం మోచెయ్యి రెండుసార్లు పేపర్లో పడింది. ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం వస్తుందని చూసి చూసి, కళ్ళు కాయలు కాశాక ఏజెంటు చెయ్యి పట్టుకుని ఖతర్ వచ్చాడు.

ఇక్కడా కంపెనీల కప్పులు ఉన్నాయని, క్యాంపు వెనక ఇసుక గ్రౌండు ఉందని తెలిసిన రోజున అతడు కడుపు నిండా అన్నం తిన్నాడు. చాలా ఏళ్ళు కంపెనీకి నడుమ ఆడాడు. మోకాలు పోయింది కూడా ఆటలో కాదు, డ్యూటీ బస్సు మెట్టు దిగుతుంటే. క్యాంపులో ఆటల వ్యవహారం చూసే సూడాన్‌వాడు యూసుఫ్ గదికొచ్చి, కట్టు కట్టిన కాలు చూసి, మెడలోని విజిల్ తీసి మంచం మీద పెట్టాడు. “పైర్ గయా, ఆంఖ్ హై. యల్లా,” అన్నాడు, కాలు పోతే పోయింది, కళ్ళున్నాయి, లే పద అని. రాజేశం కోచ్ అయిన తీరు అంతే.

సురేందర్ దిగింది ఆ యేడే. రాజేశం ఊరికీ అతని ఊరికీ నడుమ ఒక వాగు. చుట్టరికం ఏమీ లేదు. కానీ సురేందర్ తల్లి గురవమ్మ రాజేశం తల్లిని వదినా అని పిలిచేది, ఆ లెక్కన వీడు బావా అని మొదలుపెట్టాడు. సూట్‌కేసు ఇంకా చేతిలో ఉండగానే, “బావా, ఈడ చాపలు దొరుకుతయా?” అని అడిగాడు. గోలు ముందు ఆడేవాడు. కాలులో మెరుపు ఉంది, ఒంట్లో బద్ధకం ఉంది. ప్రాక్టీసుకు రమ్మంటే గాలం పట్టుకుని అల్ ఖోర్ సముద్రం ఒడ్డున తేలేవాడు.

కొత్త కోచ్ మీద జట్టంతా కన్నేసి ఉంది. తన దేశంవాణ్ణి, తన భాషవాణ్ణి ఏం చేస్తాడా అని. ఒకరోజు రాజేశం వాణ్ణి గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. “ఇంకోపారి డుమ్మా గొట్టినవనుకో, మాఫీ లేదు.”

“గట్లనే బావా,” అన్నాడు సురేందర్. ఫైనలుకు ముందు మళ్ళీ డుమ్మా కొట్టాడు.

ఆ సాయంత్రం మెస్‌లో యూసుఫ్, రాజేశం ఎదురెదురుగా కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర సురేందర్ పప్పన్నం కలుపుకుంటూ చెవి ఇటే వేశాడు. రాజేశం ఒక్కో పేరూ చెప్తున్నాడు. యూసుఫ్ అడిగాడు, “సురేందర్?”

“సురేందర్ మాఫీ,” అన్నాడు రాజేశం.

అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. నీళ్ళు మాఫీ, బస్సు మాఫీ, ఫులూస్ (అంటే పైసలు) మాఫీ. గల్ఫ్‌లో కాలు పెట్టిన ప్రతివాడికీ ముందుగా అబ్బే మాట అదే. కానీ సురేందర్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. సైటులో మేస్త్రీ మలయాళీ, గదిలో అంతా తెలుగువాళ్ళు. పైగా ఆ రోజుల్లో ఊరికి ఎప్పుడు ఫోన్ చేసినా రుణమాఫీ ముచ్చటే. ఎవరికి అయ్యింది, ఎవరికి కాలేదు అని. వాడు పక్క బల్ల దగ్గర ఆ మాట విని, బావ తనను మాఫీ చేశాడనుకున్నాడు. సంతోషంగా ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాడు. గదికి పోయి శోభకు ఫోన్ చేశాడు, రేపు ఆట వీడియోలో చూపిస్తా, అవ్వను గూడ కూసోబెట్టు అని.

మర్నాడు గ్రౌండులో సురేందర్ బూట్లు కట్టుకుని, జుట్టుకు నీళ్ళు రాసుకుని గీత దగ్గర నిలబడ్డాడు. ఫోన్ ఒక నీళ్ళ డబ్బాకు ఆనించి పెట్టాడు. రాజేశం దగ్గరికి వెళ్ళాడు.

“నువ్వు ఇయ్యాల ఆడుతలేవురా.”

“మాఫీ అన్నవు గద బావా.”

పక్కనున్న యూసుఫ్‌కు ముందు అర్థం కాలేదు. హిందీలో మాఫీ అంటే క్షమించడం అని ఎవడో చెప్పాడు. అర్థమయ్యాక యూసుఫ్ కడుపు పట్టుకుని నవ్వాడు. గోల్‌కీపరు దిల్ బహదూర్ నవ్వాడు, జోసెఫ్ నవ్వాడు, జట్టంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆట మొదలైంది. సురేందర్ బదులు జోసెఫ్ ఆడాడు, గోలు వేశాడు, కప్పు వచ్చింది. కోచ్ మొగమాటం లేని మనిషి అని క్యాంపంతా మెచ్చుకుంది. ఆ రోజు నుంచి సురేందర్‌కు మాఫీ భాయ్ అన్న పేరు పడింది. మాఫీ ఆయా, మాఫీ గయా, మాఫీకి రోటీ ఇవ్వు. ఉన్న మనిషిని లేదు అని పిలవడం.

కొన్నాళ్ళు చూసి సురేందర్ వేరే కంపెనీకి మారాడు. పోయేటప్పుడు రాజేశం గుమ్మం దగ్గర నిలబడి, “పోయస్త కోచ్ సార్,” అన్నాడు. బావా అనలేదు. బూట్లు మంచం కింద వదిలేసి పోయాడు. అప్పటి నుంచి అల్ రువైస్ రేవులో, ఐసు గోదాములో పని. గంట దూరం. ఐదారేళ్ళుగా ఒకరి గొంతు ఒకరు వినలేదు.

బుచ్చన్న ఉన్నన్నాళ్ళూ రాజేశానికి అది అంతగా తెలియలేదు. బుచ్చన్న పోయాక తెలిసింది.

శుక్రవారం పొద్దున రాజేశం ఆ బూట్లు ఒక కవరులో పెట్టుకుని బస్సెక్కాడు. విమానం రాత్రికే ఉంటుందనుకుని ముందురోజే జట్టుకు చెప్పాడు, రేపు సాయంత్రం సురేందర్‌ను తీసుకొస్తానని. దారి పొడవునా చదునైన నేల, కరెంటు స్తంభాలు, మధ్యలో ఎవరూ లేని పాత ఊళ్ళ మొండిగోడలు. బస్సులో కూర్చుని అతడు మాటలు అమర్చుకున్నాడు. నేను కొత్తగ కోచ్ అయిన. అందరి కండ్లు నా మీదున్నయి. నిన్ను ఆడిస్తే నా మనిషని అందురు. జోసెఫ్ ఒక్కదినం డుమ్మా గొట్టలే. అన్నీ న్యాయమైన మాటలే. ఒక్కటి కూడా కాదనడానికి లేదు.

రువైస్‌లో దిగగానే చేపల వాసన కొట్టింది. ఒడ్డున పడవలు, గోడ పొడవునా తీగతో అల్లిన పెద్ద పెద్ద చేపల బుట్టలు బోర్లించి ఉన్నాయి. ఐసు గోదాము వెనక రేకుల గది. గదిలోవాళ్ళంతా జుమ్మా నమాజుకు పోయినట్టున్నారు. సురేందర్ ఒక్కడే నేల మీద కార్టన్‌తో కుస్తీ పడుతున్నాడు.

క్యాంపుల్లో ఇంటికి పోయేవాడు కార్టన్ ఒంటరిగా కట్టుకోడు. నలుగురూ చేరతారు. ఒకడు మోకాలు వేసి అదుముతాడు, ఒకడు తాడు బిగిస్తాడు, ఇంకొకడు మంచం మీద కూర్చుని, పెండ్లానికి ఎన్ని సబ్బులు తీసుకపోతున్నవురా, అంత గలీజుగుంటదా అని ఎకసెక్కమాడతాడు. ఆ ఎకసెక్కాల మీదే పోయేవాడి కళ్ళలో నీళ్ళు ఆగుతాయి. సురేందర్ ఒక కాలితో డబ్బా తొక్కిపట్టి, పళ్ళతో తాడు కొస లాగుతున్నాడు.

తలెత్తి చూశాడు. పళ్ళ మధ్య నుంచి తాడు తీశాడు.

“రాండి కోచ్ సార్.”

“కార్టన్ కడుతున్నవా?”

“లేదు సార్, పుస్తె కడుతున్న.”

రాజేశం కవరు కింద పెట్టి, అడగకుండానే డబ్బా మీద మోకాలు వేశాడు. లోపల కంబళి మెత్తగా దిగింది. పాలపొడి డబ్బాలు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది.

“మోకాలు మంచిగైందా సార్?”

“అయింది.”

“అవద్దం. బస్సు దిగుతుంటె కిటికీలకెల్లి సూసిన. రేవు కాడికెల్లి మా గది దాంక కుంటుకుంటనే అచ్చినవు.” తాడు ఒక చుట్టు తిప్పాడు. “కవర్ల ఏంది?”

“నీ బూట్లు.”

సురేందర్ ఒంగి తీసి చూశాడు. ఇన్ని వేసవులు మంచం కింద కాగి అడుగులు ఊడిపోయాయి, తోలు ముడుచుకుపోయింది. అటూ ఇటూ తిప్పాడు. “బూట్లా ఇవి, ఎండు చాపలా? ఈడ రేవుల అమ్మితె కొంటరు.”

“దాచిపెట్టిన.”

“దాస్తె గింతే సార్.”

తాడు డబ్బా కిందికి పోయి అవతల తేలింది. రాజేశం బస్సులో అమర్చుకున్న మాటలు మొదటి నుంచి ఎత్తుకున్నాడు. “నేను గప్పుడు కొత్తగ కోచ్ అయిన సురేందర్. నిన్ను తీసేసినందుకు…”

“తీసేసినందుకని ఎవలన్నరు?”

రాజేశం తలెత్తి చూశాడు.

“మాఫీ అంటె లేదు అని వారం దినాలల్ల నేర్సుకున్న. తీసేసుడు నీ డ్యూటీ. నేను ప్రాక్టీసుకు రాకపోతి, తీసేస్తివి. దానికి నేనెందుకు బాధపడుత?” సురేందర్ తాడు చేతికి చుట్టుకుని బలంగా లాగాడు. “నవ్వినవు.”

ఒక భుజం మీదుగా చూసుకుని బంతి కోసం నిలబడితే, మనిషి రెండో భుజం వైపు నుంచి వచ్చి మీద పడ్డట్టయింది రాజేశానికి. ఆటలో ఎన్నిసార్లో అలా పడ్డాడు. పడ్డాక వాదించడానికి ఏమీ ఉండదు.

“అందరు నవ్విన్రు. యూసుఫ్ నవ్వుతె నాకేంది, వాడు సూడానోడు. నువ్వు ఎట్ల నవ్వినవని? ఆ మాట నాకెందుకు తెల్వలేదో, నేనెందుకు గట్ల అనుకున్ననో, ఆ గ్రౌండ్‌ల నీ ఒక్కనికే ఎరుక. ఫోన్ పెట్టి ఉంటి. శోభ సూస్తుండె, మా అవ్వ సూస్తుండె. మా అవ్వ ఏమన్నదో తెల్సా?”

“ఏమన్నది?”

“రాజేశం మంచిగ నవ్వుతుండు బిడ్డా, మీరు గెలిసినట్టున్నరు అన్నది. ఇంకా ఆట సురువు గాలే.”

బయట మసీదు మైకులో ప్రసంగం సాగుతోంది. రాజేశం డబ్బా మీద మోకాలు అలాగే ఉంచి కూర్చున్నాడు. అప్పుడు అందరూ నవ్వుతున్నారని, తానూ జట్టువైపే ఉన్నానని చూపించుకోవడానికి నవ్వానని చెప్పొచ్చు. అదీ న్యాయమైన మాటే.

“నవ్విన,” అన్నాడు.

సురేందర్ అతని మొహంలోకి చూశాడు. “ఇప్పుడైతె తీసేస్తవా?”

ఇంటికి పోయే మనిషి. రేపటికి ఈ దేశంలో ఉండడు. ఒక్క అబద్ధం ఆడితే అయిపోతుంది. రాజేశం ఆలోచించి చెప్పాడు.

“తీసేస్త. జోసెఫ్ దినాం అచ్చిండు. నువ్వు చాపలకు పోయినవు.” కొంచెం ఆగి, “నవ్వ,” అన్నాడు.

సురేందర్ తల వంచుకుని ముడి వేస్తున్నాడు. వేస్తూ వేస్తూ ముక్కుతో ఒక నవ్వు వదిలాడు. “ఆ దినం ఒక్క చాప గూడ పడలే, తెల్సా? పొద్దంత కూసున్న. ఒక్కటి పడలే.” తాడు లాగాడు, అది రాలేదు. మళ్ళీ లాగాడు. “మోకాలు తియ్యి బావా. తాడు దాని కింద ఇరికింది.”

రాజేశం మోకాలు తీశాడు. తాడు వచ్చింది.

తర్వాత పని చకచకా సాగింది. చివరి ముడి రాజేశం వేశాడు, మంచె గొట్టాలకు వేసే ముడి. సురేందర్ దాన్ని వేలితో గుంజి చూసి, “గిది ఊళ్ళె ఎవడిప్పుతడు?” అన్నాడు.

“కత్తి పెట్టి కొయ్యి.”

“కొయ్యను. నీకే ఫోన్ చేస్త, ఎట్ల ఇప్పుడో చెప్పుదువు.” బూట్లు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “లేసులు మాత్రం మంచిగనే ఉన్నయి,” అని వాటిని లాగి, జంటగా పేని, కార్టన్‌కు పిడిలా కట్టాడు. బూట్లను చెత్తడబ్బాలో వేశాడు. తర్వాత నల్ల మార్కరు అందించాడు. “పేరు నువ్వు రాయి. నీ అక్షరాలు గుండ్రంగుంటయి.”

సురేందర్, ఊరి పేరు, మండలం, జిల్లా. రాజేశం ఒక్కో అక్షరం మీదా రెండోసారి దిద్దాడు.

“సాయంత్రం ప్రాక్టీసున్నది,” అన్నాడు మార్కరుకు మూత పెడుతూ. “జర అచ్చి పోరాదు. పోరగాండ్లకు చెప్పిన.”

“కంపెనీ గాడి ఇంకో గంటల అస్తది బావా. సీద ఏర్‌పోర్టే.” సురేందర్ పాలు లేని టీ రెండు గ్లాసుల్లో పోశాడు. “నువ్వు ఎప్పుడస్తవు?”

“లీవు పెట్టాలె.”

“అచ్చినప్పుడు వాగు కాడ నిలవడి ఒర్రు. ఇనవడుతది.”

టీ తాగారు. ఇన్నేళ్ళ మాటలు ఉన్నాయి, ఏది ముందు మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. చేపల గురించి మాట్లాడుకున్నారు. ఈ సముద్రంలో ఏవి రుచి, వాగులో ఏవి రుచి. అంతలో బయట హారన్ మోగింది. కార్టన్‌ను చెరొక వైపు పట్టుకుని వ్యాను దాకా మోశారు. ఎక్కాక సురేందర్ కిటికీలోంచి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో చివరి మాట ఒక్కటే వినబడింది. అది బావా అని. ముందేమన్నాడో తెలియలేదు. ఫోన్ చేసి అడగాలనుకున్నాడు రాజేశం, తర్వాత వద్దనుకున్నాడు.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. మొండిగోడల ఊళ్ళు ఈసారి ఎడమ వైపు వచ్చాయి.

సాయంత్రం గ్రౌండులో లైట్లు వెలిగేసరికి జట్టు ఉరుకుతోంది. రాజేశం గీత దగ్గరికి రాగానే దిల్ బహదూర్ చేతి తొడుగులు సవరించుకుంటూ అడిగాడు. “కోచ్, మాఫీ భాయ్ నహీ ఆయా?”

“ఉస్కా నామ్ సురేందర్ హై.”

“అచ్ఛా. సురేందర్ భాయ్ నహీ ఆయా?”

జవాబుగా ఒక్క మాట నాలుక చివరకు వచ్చేసింది. అక్కడున్న ఏ దేశంవాడికైనా అర్థమయ్యే మాట. రాజేశం దాన్ని మింగాడు.

“ఇంటికి పోయిండు,” అన్నాడు తెలుగులో.

కోచ్ దాన్ని హిందీలో చెప్తాడేమోనని దిల్ బహదూర్ చూశాడు. రాజేశం చెప్పలేదు. ఆ అవతల జోసెఫ్ మాత్రం, కోచ్ తెలుగులో ఏదో అన్నాడంటే తననే అన్నాడనుకుని, చెయ్యెత్తి ఇంకా జోరుగా పరుగందుకున్నాడు.

ఎవరో తన్నిన బంతి దారి తప్పి రాజేశం వైపు దొర్లి వస్తోంది. అది కాలికి చేరకముందే, అలవాటు కొద్దీ, అతడు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాడు. ఇసుక, తీగ కంచె, కంచె అవతల ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు. బంతిని మెల్లగా ముందుకు తోశాడు.